పక్కకు జరుగప్పా

ఆయన పోయిన సంగతి నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. పుంగనూరు, మదనపల్లె, కుప్పం ఫోటోగ్రాఫర్లంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపొకటి ఉంది. కెమెరా ఎటునుంచి పట్టుకోవాలో తెలియని నన్ను ఆయనే ఒకప్పుడు పట్టుబట్టి అందులో చేర్పించాడు. ఆ రోజు పొద్దున రామసముద్రం దగ్గర ఒక ఆవుకు కడుపుబ్బితే వెళ్ళి చూసి, చేతులు కడుక్కుని ఫోన్ తీశాను. ఆయన పేరు, పక్కన దీపం బొమ్మ. దాని కింద దండం పెట్టే చేతులు. వరసగా చేతులు, చేతులు, చేతులు. వేలితో పైకి తోసేకొద్దీ చేతులే. ఒక్కరంటే ఒక్కరు ఒక మాట రాయలేదు. మధ్యలో ఎవరో పాత లెన్సు అమ్మకానికి పెడితే, దానికీ ఒకాయన పొరపాటున దండం పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. ముప్పైయేళ్ళు ఈ మూడు ఊళ్ళ పెళ్ళిళ్ళూ పేరంటాలూ తీసిన మనిషి. ఈ గ్రూపులో సగం మందికి కెమెరా పట్టడం నేర్పిన మనిషి. ఒక్క వాక్యం రాయడానికి వీళ్ళకు వేళ్ళు పడిపోయాయా అని పైకే తిట్టాను. ఆవు గలాయన బెదిరిపోయి, "ఏమైంది సార్, ఆవుకేమన్నా అయిందా?" అన్నాడు. ఏమీ కాలేదని చెప్పి, బండెక్కబోతూ మళ్ళీ ఫోన్ చూసుకున్నాను. ఆ చేతుల్లో నావీ ఉన్నాయి. కబురు చూడగానే నేనూ దండమే పెట్టాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. "తీసినోడి పేరు ఫోటో ఎనకాల ఉండాలప్పా, ముందర కాదు" అనేవాడు. ఆయన స్టూడియో అట్టల మీద పేరు ఎప్పుడూ వెనకాలే, అదీ మూలకు, చీమ తలంత అక్షరాలతో ఉండేది.

నేను మదనపల్లె పశువుల ఆసుపత్రిలో సహాయకుణ్ణి. పల్లెల్లో జనం డాక్టరనే పిలుస్తారు, నేనూ కాదనను. ఆయన్ను మొదటిసారి చూసింది చౌడేపల్లె దగ్గర ఒక రైతు ఇంటి ముందర. దాణా కంపెనీ వాళ్ళ క్యాలెండరుకు పుంగనూరు ఆవు ఫోటో కావాలట. ఆవు పొట్టిదైనా పొగరు గట్టిది, పగ్గం పట్టుకొమ్మని నన్ను పిలిచారు. ఆయన మెడలో కెమెరా, తలకు కోతిటోపీ, మొహంలో చిరునవ్వన్నది లేదు. కెమెరా కంటికి పెట్టి, "పక్కకు జరుగప్పా" అన్నాడు. జరిగాను. "ఇంగొంచెం." జరిగాను. "ఇంగా." నాకు చిరాకొచ్చి, "ఇంగా జరిగితే పుంగనూరులో తేలతానన్నా" అన్నాను.

"పోయిరాప్పా. ఆవు ఈడనే ఉంటాది."

ఒకే ఒక్కసారి క్లిక్‌మనిపించాడు. ఇంకోటి తీయన్నా, ఆవు కళ్ళు మూసిందేమో అంటే, "ఒకటి సాలు" అని కెమెరా మూసేశాడు. రీళ్ళ కాలంలో నేర్చుకున్న పిసినారితనం అది. తర్వాత మెమరీ కార్డులొచ్చి, కుర్రకారంతా టపటపమని వందలు తీస్తున్నా, ఆయన చెయ్యి మారలేదు. డిసెంబరులో క్యాలెండరు పట్టుకుని నన్ను వెతుక్కుంటూ ఆసుపత్రికి వచ్చాడు. ఆవు దివ్యంగా ఉంది. ఆవు పక్కన, అంచులో, ఒక మోచేయి. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

"ఎవురిదప్పా ఇది?"

"నాదేనన్నా."

"పన్నెండు నెలలు ఇంటింటికీ నీ మోచేయి సూపిస్తివి. మంచిది" అని, ఆ క్యాలెండరు నా బల్ల వెనకాల గోడకు తనే తగిలించి వెళ్ళాడు. అలా కలిశాం.

పుంగనూరు బస్టాండుకు ఎదురుగా మెట్లెక్కి పోతే ఆయన స్టూడియో. వెనక గదిలోనే కాపురం. కాపురమంటే ఆయనొక్కడే. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, కుప్పంలో కాలేజీలో ఉద్యోగం, అక్కడే అత్తగారిల్లు. నాకు పుంగనూరు డ్యూటీ పడినప్పుడల్లా వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఎవరొచ్చినా స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం రెండు వేళ్ళతో సర్ది, "నవ్వప్పా" అనేవాడు. ఆడవాళ్ళయితే "నవ్వమ్మా". తను మాత్రం నవ్వడు. పత్రాల మీద అతికించే ఫోటోకు నవ్వెందుకన్నా అంటే, "ఆఫీసోళ్ళు మనల్ని సూడగానే మొహం మాడుస్తారు గదప్పా, మనమన్నా నవ్వాల" అనేవాడు. చచ్చిపోయినవాళ్ళ ఫోటోలూ ఆయనే చేసేవాడు. ఏ పెళ్ళి గుంపులోంచో ఆ మనిషిని విడదీసి, పెద్దది చేసి, ఫ్రేము కట్టించి, దండ ఎక్కడిదాకా వస్తుందో కూడా లెక్క చూసి ఇచ్చేవాడు. ఈ ఊళ్ళలో గోడలమీద పూలదండల వెనకాల నవ్వుతున్న మొహాల్లో సగం ఆయన నవ్వమంటే నవ్వినవే.

చలికాలం వస్తే మాత్రం ఆయన వేరే మనిషి. మా ప్రాంతం చలికి పేరుపడింది. మదనపల్లెలో జనవరి పొద్దున పాలవాడు కూడా తలుపు తట్టడానికి చెయ్యి బయటికి తీయడు. ఆ చలిలో ఆయన పుంగనూరు నుంచి స్కూటరు మీద, కురుబోళ్ళు గొర్రెబొచ్చుతో నేసిన నల్ల కంబళి కప్పుకుని, తెల్లవారకముందే మా గుమ్మం ముందర హారన్ కొట్టేవాడు. నా భార్య దుప్పట్లోంచే, "మీయన్న వచ్చినాడు, లెయ్" అనేది. నేను తిట్టుకుంటూ లేచేవాణ్ణి. ఇద్దరం హార్సిలీ కొండకో, రామసముద్రం గుట్టల వైపుకో పోయేవాళ్ళం. ఆయన మంచు తీస్తాడు. నేను పళ్ళు కొరుక్కుంటూ నిలబడతాను. ఎక్కడ నిలబడ్డా ఆయన ఫోటోలోనే ఉంటాను.

"పక్కకు జరుగప్పా."

"ఈడ నిలబడితే నీకేం అడ్డమన్నా?"

"నువ్వు గాదు. నీ నీడ."

చలిలో బ్యాటరీలు తొందరగా చచ్చిపోతాయట. అందుకని నాలుగు బ్యాటరీలు ఒక గుడ్డ సంచిలో వేసి, బనీను లోపల పొట్టకు ఆనేటట్టు మెడకు కట్టుకునేవాడు. ఆ సంచి ఆయన భార్య తన పాత చీర కొంగుతో కుట్టిచ్చింది. ఆకుపచ్చ గుడ్డ, ఎర్ర అంచు. బ్యాటరీ మార్చాల్సినప్పుడల్లా కంబళి, స్వెటరు, చొక్కా, బనీను ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చెయ్యి లోపలికి పెట్టేవాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఇంకొక నియమం, చలిలో తిప్పిన కెమెరాను ఇంట్లోకి తీసుకురాడు. వేడి తగిలితే లోపల చెమ్మ పడుతుందని వరండాలోనే పెట్టేవాడు. "చలిలో ఉండేదాన్ని చలిలోనే ఉండనీప్పా, దానికదే బాగుంటాది" అనేవాడు. కెమెరా గురించే అన్నాడని అప్పుడనుకున్నాను.

ఒక ఏడాది జనవరిలో హార్సిలీ కొండ మీద ఉన్నాం. ఆయన కెమెరా కుడికంటికి పెట్టి, దించి, ఎడమకంటికి పెట్టాడు.

"ఏమన్నా, కన్ను మార్చినావు?"

"కుడిది సెలవు చీటీ రాసిచ్చిందప్పా. షుగరు. లోపల రక్తం కారతాండాదంట. ఎడమది కూడా దాని ఎనకాలే పోతాదని చెప్పినాడు డాక్టరు. ఒక చలికాలం సూస్తానేమో. రెండోది నమ్మకం లే."

నేను ఆయన కుడికంటి వంకే చూస్తున్నాను. ఆయన మాత్రం లెన్సు తుడుచుకుంటున్నాడు.

"ఒక్క ఫోటో తీయాలప్పా ఆ లోపల. మనిషి లేకుండా."

"ఈడ యాడుండారన్నా మనుషులు? తీయి."

"ఈడ యాడ సూసినా ఉండారు. అదో, ఆ మంచు కింద టమోటా తోట. కట్టెలు నాటినోడుండాడు. కరెంటు తీగ లాగినోడుండాడు. ఈ పక్క నువ్వుండావు." లెన్సు మూత పెట్టి, "ముప్పై ఏండ్లు నవ్వప్పా నవ్వమ్మా అని చెప్పి చెప్పి దవడలు నొస్తాండాయి. ఎవుర్నీ నవ్వమని అడక్కుండా ఒక్కటి తీసి, కెమెరా మూసి పెట్టేస్తా" అన్నాడు.

ఫోటో ఎక్కడ తీయాలో కూడా చూసిపెట్టుకున్నాడు. స్పితి లోయ. హిమాలయాల్లో. అదీ ఫిబ్రవరిలో, నీళ్ళు రాయైపోయే చలిలో. నన్నూ రమ్మన్నాడు. నేనెందుకన్నా, నేను చలికి చస్తాను అన్నాను. "నాకు సగమే కనపడతాదప్పా. ఫ్రేములోకి ఎవురూ రాకుండా సూసేది నీ పని" అన్నాడు. ఆ పని నాకు అప్పగించిన మనిషి, నా మోచేతికి సున్నా చుట్టిన మనిషే. నమ్మాడు, ఏం చెప్పమంటారు.

బెంగళూరులో విమానమెక్కి, చండీగఢ్‌లో దిగి, అక్కడి నుంచి కారులో మూడురోజులు. మా మదనపల్లె చలి చలే కాదని అక్కడికి పోయాక అర్థమైంది. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి గుచ్చుకునేవి. నోటి ఆవిరి నా మీసం మీద పేరుకుని పటపటలాడేది. టూత్‌పేస్టు పిసికితే రాలేదు. డ్రైవరు ఆ ఊరి కుర్రాడే. మైనస్ ఇరవై నాలుగు అని నవ్వుతూ చెప్పాడు. ఆ అంకె విని నాకు ఉచ్చ పోసుకోవాలన్నా భయమేసింది.

మేం దిగింది ఒక ముసలావిడ ఇంట్లో. మట్టిగోడల ఇల్లు, మధ్య గదిలో ఇనుప పొయ్యి, అందరం దాని చుట్టూ. ఆవిడ భాష మాకు రాదు, మా భాష ఆవిడకు రాదు. ఆయనకు హిందీ కూడా రాదు. అయినా ఆవిడతో పుంగనూరు తెలుగులోనే మాట్లాడేవాడు. "కొంచెం ఏన్నీళ్ళు ఈమ్మా" అనేవాడు. ఆవిడ వేడినీళ్ళు ఇచ్చేది. ఒకసారి ఆవిడ ఆయన కంబళిని చేత్తో నలిపి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, గొర్రె వాసన గుర్తుపట్టి తల ఊపింది. నేను మెడకు చుట్టుకున్న ఖరీదైన మఫ్లరు వంక తిరిగి కూడా చూడలేదు. రెండో రోజు నేను వాళ్ళ జడలబర్రె నోరు తెరిచి పళ్ళు లెక్కపెడితే, అప్పుడు నాకూ కొంచెం మర్యాద దక్కింది. ఆయన తను తెచ్చిన రాగిపిండితో సంగటి కెలకబోయాడు. అంత ఎత్తులో నీళ్ళు ఊరికే మరుగుతాయి గానీ వేడి చాలదు. ఎంత కెలికినా పచ్చివాసన పోలేదు. ఆవిడ మాత్రం రెండు ముద్దలు తిని, ఇంకొకటి అడిగింది.

ఫోటో మాత్రం కుదరలేదు. రెండురోజులు గాలి. ఊరి కింద పొలాలమీద మంచు ఉంది గానీ, జడలబర్రెలూ జనమూ తొక్కి తొక్కి దమ్ము చేసిన మడిలాగ ఉంది. మూడోరోజు పొద్దునంతా మంచు కురిసింది. సాయంత్రానికి తెరిపిచ్చింది. రేపు పదింటికల్లా బయల్దేరకపోతే దారి మూసుకుపోతుందని డ్రైవరు చెప్పాడు. ఆయన నన్ను మిద్దెమీదికి తీసుకుపోయాడు. కింద పొలాలన్నీ ఒకటే తెలుపు. మధ్యలో ఒక్క రాతికట్ట, దాని వెనక కొండ.

"సూడప్పా. నీ కంటికేమన్నా అగపడతాందా?"

"ఏమీ లేదన్నా."

"బాగా సూడు."

"ఒక్క అడుగు కూడా లేదన్నా. కుక్క కూడా పోలేదు."

"రేపు తెల్లార్తానే, ఎండ కొండమీద పడేలోపల. ఒకటి సాలు" అన్నాడు. అప్పుడాయన మొహం చూశాను, నవ్వుతున్నాడు. మనుషులు ఆయన స్టూలు మీద కూర్చుని, నవ్వమంటే నవ్వే నవ్వు కాదు అది.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. ఆ ఊళ్ళో నీళ్ళ మరుగుదొడ్లు ఉండవు. మిద్దె పక్కన ఒక చీకటి గది, నేలలో ఒక కన్నం, పక్కన మట్టి కుప్ప, ఒక పార. నీళ్ళ చుక్క లేదు. వాళ్ళకు అదే శుభ్రం, అదే సరైనది కూడా. నాకు మాత్రం కాలేదు. రామసముద్రం పక్కన పల్లెలో పుట్టినవాణ్ణి, చెంబు లేకుండా ఎలా? మూడురోజులు బిగబట్టాను. నాలుగో రోజు తెల్లవారుజామున ఇక లాభం లేకపోయింది. పొయ్యి మీది వేడినీళ్ళు ప్లాస్టిక్ సీసాలో పోసుకుని, గడ్డకట్టకుండా తువ్వాలు చుట్టి, చంకలో పెట్టుకుని, పశువుల కొట్టం తలుపులోంచి బయటికి జారుకున్నాను. సిగ్గుతో టార్చి కూడా వేయలేదు. ఇంటి వెనక్కి పోతున్నాననే అనుకున్నాను. ఆ కొట్టం తలుపు పొలాలవైపు ఉందన్నది నా బుర్రకు తట్టలేదు. మా ఊళ్ళో ఎంత దూరం పోతే అంత మర్యాద. ఆ లెక్కన మోకాలిలోతు మంచులో నడిచీ నడిచీ, ఒక రాతికట్ట దొరికితే దాని చాటుకు పోయాను. తిరిగి వచ్చేటప్పుడు కట్ట అవతలి వైపునే నడిచి రోడ్డెక్కి, ఊళ్ళోంచి చుట్టి ఇంటికొచ్చాను. ప్రాణం హాయిగా ఉంది. మిద్దె ఎక్కాను.

వెలుగు వస్తోంది. ఆయన కెమెరా స్టాండు పక్కన నిలబడి ఉన్నాడు. నేను కిందికి చూశాను. ఆ తెల్లటి పొలంలో, సరిగ్గా నడిమధ్యన, ఇంటి కింద నుంచి రాతికట్ట దాకా, ఒక మనిషి అడుగులు. లోతుగా, ఒక్కొక్కటీ నీలంగా. పోయినవే ఉన్నాయి, వచ్చినవి లేవు. కట్ట దగ్గర ఆగిపోయాయి.

ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే చలి వేస్తుంది. ఆయన అడుగుల్ని చూశాడు. తిరిగి నన్ను చూశాడు. మోకాళ్ళ దాకా మంచు అంటిన నా ప్యాంటును చూశాడు.

"సంకలో ఏందప్పా అది?"

సీసా వెనక్కి దాచాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. ఆయన కంబళి ఎత్తి, స్వెటరెత్తి, చొక్కా ఎత్తి, ఆ ఆకుపచ్చ సంచిలోంచి బ్యాటరీ తీసి కెమెరాలో పెట్టాడు. ఊపిరి బిగబట్టి ఎడమకన్ను ఆనించాడు. కొండ కొసన ఎండ పడబోతుండగా ఒక్కసారి నొక్కాడు. కెమెరా మూసేశాడు.

"పదప్పా, దారి మూసుకుంటాది" అన్నాడు.

మూడురోజుల కారు ప్రయాణంలో ఆయన ఎప్పటిలాగే ఉన్నాడు. డ్రైవరుతో తెలుగులో మాట్లాడాడు. నేనే మాట్లాడలేదు. ఒకచోట టీ తాగుతూ, "తిట్టన్నా" అన్నాను. "యాలప్పా తిట్టేది?" అన్నాడు. అంతే. ఫోటో ఎలా వచ్చిందని నేను అడగలేదు. ఆయన చూపించలేదు. తుడిచేసి ఉంటాడనుకున్నాను. ఇంకొక చలికాలం ఆయనకు లేదని ఇద్దరికీ తెలుసు.

లేదు కూడా. ఆ ఏడాది చివరికి కుడికన్ను పోయింది, ఎడమది మసకేసింది. స్టూడియో షట్టరు దించేసి కుప్పంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడని విన్నాను. విన్నాను అంటున్నాను చూడండి, ఎవరో చెబితే విన్నాను. ఆయన్ను చూడటానికి వెళ్ళాలంటే ఆ అడుగులు గుర్తొచ్చేవి. వచ్చే వారం, వచ్చే నెల అనుకున్నాను. గాలికుంటు టీకాలన్నాను, ఆవుల లెక్కలన్నాను. జనవరి వచ్చినప్పుడల్లా తెల్లవారకముందే మెలకువ వచ్చేది. వీధిలో హారన్ ఉండదు. దుప్పట్లోనే పడుకుని వినేవాణ్ణి.

ఒకసారి ఆయనే ఫోన్ చేశాడు.

"ఏమప్పా, బాగుండావా?"

"బాగుండానన్నా. నువ్వు?"

"ఉండా. ఈడ చలి అంతగా లేదు." తర్వాత, "నేను జరుగప్పా అంటే పక్కకు జరగమంటి. నువ్వు శానా దూరం జరిగితివే" అన్నాడు.

వచ్చే వారం తప్పకుండా వస్తానన్నా అన్నాను. వెళ్ళలేదు. దీనికి నా దగ్గర ఏ సంజాయిషీ లేదు.

పదకొండో రోజు కర్మకు, చలికి కోతిటోపీ పెట్టుకుని, కుప్పం వెళ్ళాను. బస్సు పుంగనూరులో ఆగినప్పుడు తల తిప్పి చూస్తే, స్టూడియో ఉన్న మెట్లపైన ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి. కుప్పంలో ఇల్లు వెతుక్కుని వెళ్ళేసరికి పూజ ముగిసింది. జనం ఎక్కువ లేరు. హాల్లో పీట వేసి, దీపం పెట్టి, దాని వెనక ఫోటో నిలబెట్టారు. చెప్పులు వదిలి లోపలికి అడుగుపెట్టి, గుమ్మంలోనే ఆగిపోయాను.

అది ఆయన మొహం కాదు. రెండడుగుల ఫ్రేములో తెల్లటి పొలం, రాతికట్ట, కొండ. మధ్యలో నీలంగా నా అడుగులు. దానికి కుంకుమబొట్టు, పైన కనకాంబరాల దండ. అడుగులకు ఎక్కడా అడ్డం పడకుండా, లెక్క చూసి వేసినట్టు ఉంది దండ.

పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ ఎవరికో చెబుతోంది. "ఎట్ల పోయినాడో సూడమ్మా మారాజు. ఒక్కడే పోయినాడు. ఎనక్కి తిరిగిన అడుగు ఒక్కటన్నా ఉండాదా? నేరుగా స్వర్గానికి." చేత్తో ఆ అడుగుల్ని తాకి కళ్ళకద్దుకుంది. ఇంకో ఇద్దరు కూడా కళ్ళకద్దుకున్నారు. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

కూతురు నన్ను చూసి లేచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచి ఉంది.

"వస్తారని తెలుసు చిన్నాయనా. నాయన చెప్పినాడు."

"ఏం చెప్పినాడమ్మా?"

"నా మొగానికి దండ వద్దు, ఈ మంచు ఫోటోకు వేయండి అన్నాడు. ఈ అడుగులు ఎవురివి నాయనా అని ఎన్నిసార్లు అడిగినానో. ఆయనకు కనపడదు గదా, అద్దం మీద వేలు పెట్టి తడుముకుంటా ఒకటే నవ్వేవాడు. మదనపల్లె నుంచి మీ చిన్నాయన వస్తాడు, ఆయన్నే అడుగు, యాడికి పోతాండాడో ఆయనే సెప్పాల అనేవాడు." ఆమె నా వంకే చూస్తోంది. "ఎవురివి చిన్నాయనా?"

హాల్లో అందరూ మాటలాపారు. పెద్దావిడ కూడా ఇటు తిరిగింది. నాకు అప్పుడు తెలిసింది, నన్ను ఎలా ఇరికించి పోయాడో. ఏవో నాలుగు పెద్ద మాటలు చెప్పి తప్పించుకోవచ్చు. నోటిదాకా వచ్చాయి కూడా. కానీ ఆ దండ వెనకాల నుంచి ఆయన, చిరునవ్వన్నది లేకుండా, వింటున్నట్టే అనిపించింది.

"నావేనమ్మా" అన్నాను.

"యాడికి పోతిరి?"

"నీళ్ళసీసా ఎత్తుకోని... బయటికి పోతినమ్మా."

ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. ఆమె నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. పెద్దావిడ తన వేళ్ళ వంక ఒకసారి చూసుకుని, మెల్లగా చీర కొంగుకు తుడుచుకుంది. అది చూసి కూతురు ఇంకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ అలవాటుగా పక్కకు తిరిగాను, ఆయన వంక చూడటానికి. అక్కడ గోడే ఉంది.

కొంచెంసేపటికి అందర్నీ భోజనాలకు పిలిచారు. హాలు ఖాళీ అయింది. నేను ఫోటో దగ్గరికి వెళ్ళాను. ఇన్నేళ్ళకు దాన్ని సరిగ్గా చూడటం అదే. ఫోటో బాగుంది. మనిషి లేడు. మూలన, చీమ తలంత అక్షరాలు కూడా లేవు, వెనకాల ఉండి ఉంటాయి. కిటికీ వెలుతురు అద్దం మీద పడుతోంది. నా మొహం, కోతిటోపీతో సహా, సరిగ్గా అడుగులు ఆగిపోయిన చోట, ఆ మంచు మీద కనబడుతోంది. ఆయన ఫోటోకు మళ్ళీ నేనే అడ్డం నిలబడ్డాను.

ఎవరైనా జరగమంటారేమోనని చాలాసేపు అక్కడే ఉన్నాను.